మార్జాలకిశోరం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, తగిన ఆధారాలతో, సులభంగా బోధపడేటట్లు వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. శాస్త్రవిషయాన్ని ఒక చిన్న ఉదంతంతో జోడించి చెప్పడం వ్యాసరచనలో ఒక పద్ధతి. ప్రస్తుత పాఠ్యభాగం ఆ పద్ధతిలో సాగింది. కొత్తగా తెచ్చిన పిల్లికూన ఇంట్లోనే ఎక్కడో దాగిపోగా, ఇంటివారు దానిని వెదకి కనుగొన్న తీరు ఇందులోని ఇతివృత్తం. ఇందులో కనిపించే కుటుంబం కల్పితం. జంతుప్రవర్తనకు సంబంధించిన విషయాలు మాత్రం యథార్థాలు.

ఉద్దేశం: మూగజీవుల భయాన్ని అర్థం చేసుకోవడం, ఆపద సమయంలో తొందరపడకుండా క్రమంగా ఆలోచించడం, ప్రేమకు తెలివి తోడుకావాలని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పిల్లి తెలుగువారి ఇళ్ళలోనే కాక మాటల్లో కూడా తిరుగాడుతుంది. నిలకడలేకుండా తిరిగేవాడిని 'కాలుకాలిన పిల్లి' అంటారు. తన తప్పు ఎవరికీ కనిపించదని భ్రమపడేవాడిని 'కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి' అంటారు. ఎవరూ పూనుకోలేని కార్యాన్ని 'పిల్లి మెడలో గంట కట్టడం' అంటారు. హితోపదేశంలో దీర్ఘకర్ణమనే పిల్లి ముసలి గద్దను నమ్మించి, చెట్టుమీది పక్షిపిల్లలను తిని, నిందను గద్దమీదికి నెట్టింది. ఇలా సామెతల్లో, నీతికథల్లో పిల్లి కపటానికి గుర్తుగా నిలిచిపోయింది. పిల్లికూన సంగతి వేరు. ఏడు వారాల కూనకు కపటం తెలియదు. దానికి తెలిసిందల్లా ఆకలి, భయం.

పిల్లికీ మనిషికీ ఉన్న చెలిమి ఈనాటిది కాదు. ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల్లో సంచరించే ఒక జాతి అడవిపిల్లి నేటి పెంపుడు పిల్లులకు మూలమని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరానికి చేరువగా ఒక పిల్లి అస్థిపంజరం బయటపడిన సంగతి 2004లో వెల్లడైంది. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు. కనుక ఎవరో దానిని పడవలో వెంట తీసుకొనిపోయి ఉండాలి. ఇంత సుదీర్ఘమైన సహవాసం ఉన్నా పిల్లి తన అడవి స్వభావాన్ని పూర్తిగా వదులుకోలేదు. కొత్తచోటికి చేరిన కూన చేసే మొదటి పని దాక్కోవడం. ఆ స్వభావం తెలియకపోతే ఇంటివారికి కలవరం, కూనకు ప్రాణాపాయం.

రాజమహేంద్రవరంలో ఒక పాత పెంకుటిల్లు. నాలుగు గదులు, వంటింటిపైన అటక, వెనుక పెరడు. ఆ ఇంటి అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నది. ఆమె స్నేహితురాలి ఇంట ఒక పిల్లి మూడు కూనలను పెట్టింది. అవి పాలు మానకముందే తల్లిపిల్లి రోడ్డుమీద బండి కింద పడి చనిపోయింది. రెండు కూనలకు ఆశ్రయం దొరికింది. మూడవదానిని ఎవరూ తీసుకోలేదు. "దీనిని నేను పెంచుతాను" అని అమ్మాయి మాట ఇచ్చి, ఒక శనివారం సాయంకాలం వెదురుబుట్టలో పెట్టుకొని ఇంటికి తెచ్చింది.

బుట్ట మూత తీసిన క్షణంలో వీధిలో మోటారుసైకిల్ ఒకటి పెద్దగా శబ్దం చేస్తూ పోయింది. కూన ఎగిరి అమ్మాయి మణికట్టుమీద గీరి, నేలమీదికి దూకి, కనురెప్పపాటులో మాయమైంది. ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. తల్లి ముందుగా అమ్మాయి చేయి పట్టుకొని కుళాయి దగ్గరకు తీసుకొనిపోయింది. పిల్లి గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలపాటు కడగాలి. రేబిస్ ప్రమాదం ఉన్నందువల్ల ఆలస్యం చేయకుండా వైద్యుని సంప్రదించాలి. గాయం చిన్నదని ఉపేక్షించరాదు. తల్లి ఆ రాత్రే ఆమెను ఆసుపత్రికి తీసుకొనిపోయి టీకా వేయించింది.

వారు తిరిగివచ్చేసరికి ఇల్లంతా అల్లకల్లోలంగా ఉన్నది. తమ్ముడు మంచాలు జరిపాడు, పరుపులు ఎత్తాడు, చీపురుపుల్లతో బీరువాల కింద పొడిచి చూశాడు. అమ్మాయి కూడా "పుస్సీ, పుస్సీ" అని గొంతెత్తి పిలుస్తూ గదిగదికీ పరుగెత్తింది. ఎక్కడా అలికిడి లేదు. "కిటికీలోంచి బయటికి పోయి ఉంటుంది. నేను మాట ఇచ్చి తెచ్చాను. ఒక్క గంట కూడా కాపాడలేకపోయాను" అంటూ అమ్మాయి గడపమీద కూలబడింది.

అంతవరకు మౌనంగా చూస్తున్న అమ్మమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమె ఆలయంలో పురాణ ప్రవచనాలు విని పెరిగిన మనిషి. "అమ్మాయీ, మార్జాలకిశోర న్యాయం అని విన్నావా?" అని అడిగింది.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో శరణాగతిని వివరించడానికి పెద్దలు రెండు న్యాయాలు చెప్పారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరచుకొని ఉంటుంది. తల్లి కొమ్మ నుంచి కొమ్మకు దూకినా పట్టు వదలదు. భగవంతుణ్ణి చేరడానికి జీవుడు కూడా తన ప్రయత్నం చేయాలని చెప్పేది మర్కటకిశోర న్యాయం. దీనిని వడగలై సంప్రదాయానికి చెందినదిగా చెబుతారు. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు. తల్లియే దానిని మెడ దగ్గర నోట కరచుకొని ఒకచోటు నుంచి మరొకచోటికి చేరుస్తుంది. జీవుని భారమంతా భగవంతునిదే అని చెప్పేది మార్జాలకిశోర న్యాయం. ఇది తెంగలై సంప్రదాయానికి చెందినది.

ఈ ఉపమానం వెనుక నిశితమైన పరిశీలన ఉన్నది. తల్లి నోట కరచుకోగానే కూన కాళ్ళు ముడుచుకొని, కదలక మెదలక వేలాడుతుంది. అలా ఉంటేనే తల్లికి మోయడం సులువు. కూనలున్నచోటు క్షేమం కాదని తోచినప్పుడల్లా తల్లి వాటిని మరొక మూలకు మారుస్తుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని లోకంలో నానుడి పుట్టింది అందుకే. తల్లి ఆహారం కోసం వెళ్ళినప్పుడు కూనలు గూటిలో చప్పుడు చేయకుండా ఉంటాయి. అరిస్తే శత్రువు చెవిని పడుతుంది. కదలకుండా ఉండటమే చిన్నప్రాణికి రక్షణ.

"ఇన్నాళ్ళూ దానిని తల్లి నోట కరచుకొని తిప్పింది. ఇప్పుడు ఆ నోరు లేదు. తల్లి తిరిగి వచ్చేదాకా కదలవద్దన్న పాఠం మాత్రమే మిగిలింది. నువ్వు ఎంత గట్టిగా పిలిస్తే అది అంత లోపలికి పోతుంది" అన్నది అమ్మమ్మ.

అమ్మమ్మ మాటలను శాస్త్రం కూడా బలపరుస్తున్నది. మనిషి చెవికి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు గల ధ్వని వినిపిస్తుంది. పిల్లి చెవికి సుమారు 64,000 కంపనాల వరకు వినిపిస్తుంది. మనకు మామూలుగా తోచే చప్పుడు దానికి పెద్ద అలజడి. పైగా, కొత్తగా వచ్చిన కూనకు ఇంకా పేరు లేదు. మనుషుల పిలుపులో ఆప్యాయత ఉన్నదో, కోపమున్నదో అది ఎరుగదు. పుట్టిన రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు గల కాలంలో మనుషుల స్పర్శకు అలవాటుపడిన కూన మనుషులను తేలికగా నమ్ముతుంది. ఆ కాలంలో మనుషులకు దూరంగా పెరిగినదానికి నమ్మకం కలగడం ఆలస్యమవుతుంది.

దాక్కోవడం పిల్లికి లోపం కాదు, ఓదార్పు. నెదర్లాండ్స్‌లోని ఒక జంతుసంరక్షణ కేంద్రంలో 19 పిల్లులపై జరిపిన పరిశీలన 2014లో ప్రచురితమైంది. కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కోవడానికి ఒక పెట్టె ఇచ్చారు, మిగిలినవాటికి ఇవ్వలేదు. పెట్టె లభించిన పిల్లులు కొత్త పరిసరాలకు త్వరగా అలవాటుపడినట్లు తేలింది. అంటే దాగడానికి చోటు దొరికిన ప్రాణియే త్వరగా బయటికి వస్తుంది. చోటును చెదరగొట్టిన కొద్దీ భయం పెరుగుతుంది. మంచాలు జరిపి, పుల్లలతో పొడిచి చేసిన అన్వేషణ అందువల్లనే విఫలమైంది.

అయితే ఊరక కూర్చోవడానికి కూడా వీలులేదు. ఆ కూన తిన్నది మధ్యాహ్నం. చిన్నప్రాణి శరీరంలో నిల్వ ఉండే శక్తి చాలా స్వల్పం. పెద్దపిల్లి ఒక పూట పస్తును తట్టుకొంటుంది. ఏడు వారాల కూన ఒక రోజంతా తినకపోతే రక్తంలో చక్కెర తగ్గి నీరసించిపోతుంది. శరీరం చల్లబడితే ప్రాణానికే ముప్పు.

"ఎక్కడ ఉందో తరువాత చూద్దాం. ఎక్కడ ఉంటే చచ్చిపోతుందో ముందు చూద్దాం" అన్నది అమ్మమ్మ.

ఆ ఒక్కమాటతో వెదకులాట తీరు మారిపోయింది. మొదట వీధితలుపు, పెరటితలుపు, కిటికీలు మూశారు. స్నానాలగదిలో నీళ్ళు పోయే తూముకు ఇటుక అడ్డుపెట్టారు. తరువాత బట్టలుతికే యంత్రంలో చేయిపెట్టి చూసి మూత వేశారు. యంత్రంలోని బట్టల నడుమ నిద్రపోయిన పిల్లిని గమనించకుండా మీట నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఫ్రిజ్ వెనుక భాగం వెచ్చగా ఉంటుంది కనుక కూనలు అక్కడ చేరుతాయి. అక్కడ టార్చిలైటు వేసి చూశారు. మడతమంచాన్ని ఎవరూ కదపవద్దని చెప్పారు. బావిమీద రేకు ఉన్నదో లేదో చూశారు. ఇంటిముందున్న బండి ఇంజనుపక్క తట్టి చూశారు. ఎక్కడా కూన లేదు. అది దొరకకపోయినా ఒక సంగతి నిశ్చయమైంది. ప్రాణం తీసే చోట్లలో అది లేదు, ఇల్లు దాటి పోయే దారీ ఇక లేదు.

బయట వెదకవలసి వచ్చినా ఇదే నియమం వర్తిస్తుంది. తప్పిపోయిన 1,210 పిల్లుల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. దొరికిన పిల్లుల్లో 75 శాతం తాము తప్పిపోయిన చోటుకు 500 మీటర్ల లోపే దొరికాయి. దూరం పరుగెత్తడం కన్న దగ్గరలో ఓపికగా వెదకడమే మేలని దీనివల్ల తెలుస్తున్నది.

తరువాత అన్నపానాల ప్రసక్తి వచ్చింది. తమ్ముడు గిన్నెలో ఆవుపాలు పోయబోయాడు. తల్లి పశువైద్యునికి ఫోన్ చేసి అడిగింది. తల్లిపాలు మానుతున్న కూనల్లో చాలావాటికి ఆవుపాలు సరిగా జీర్ణం కావనీ, విరేచనాలు పట్టుకొంటే చిన్నప్రాణి త్వరగా నీరసిస్తుందనీ ఆయన చెప్పాడు. పిల్లి మాంసాహారి. దాని కంటికీ గుండెకూ అవసరమైన టారిన్ అనే పదార్థం మాంసంలో లభిస్తుంది, మొక్కలనుంచి లభించే ఆహారంలో దాదాపు ఉండదు. కనుక కూనలకోసం తయారుచేసిన ఆహారం పెట్టమని ఆయన సలహా ఇచ్చాడు. ఆ ఇంట మాంసం వండరు. అందరూ అమ్మమ్మ వంక చూశారు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "మన నియమం మనది. దాని ఆకలి దానిది. తెచ్చి పెట్టండి" అన్నది.

కూనల ఆహారం ఒక పళ్ళెంలో, నీళ్ళు మరొక మూకుడులో పోసి వంటింటి గడప దగ్గర పెట్టారు. కొంచెం ఎడంగా ఒక తట్టలో ఇసుక పోశారు. స్నేహితురాలి ఇంటినుంచి కూనతోపాటు వచ్చిన పాతగుడ్డను ఒక అట్టపెట్టెలో పరచి, పెట్టెను పక్కకు పడుకోబెట్టి ఉంచారు. పిల్లికి వాసన పెద్ద ఆధారం. తల్లి, తోబుట్టువులు పడుకొన్న గుడ్డ వాసన కొత్తింట్లో దానికి తెలిసిన ఒకే ఒక్క గుర్తు. చివరగా అమ్మమ్మ బియ్యప్పిండి తెచ్చి, ప్రతి గది గడపమీద, పళ్ళెం చుట్టూ పలుచగా చల్లింది. దీపాలు ఆర్పి అందరూ పడుకొన్నారు.

పిల్లి స్వభావరీత్యా సంధ్యాచరం. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత దానికి చురుకు ఎక్కువ. మనిషికి కావలసిన వెలుతురులో సుమారు ఆరోవంతు ఉన్నా అది చూడగలదు. కంటి వెనుక అద్దంవంటి పొర ఒకటి ఉండి, లోపలికి వచ్చిన కాంతిని తిరిగి పరావర్తనం చేస్తుంది. చీకటిలో పిల్లికళ్ళు మెరవడానికి ఆ పొరయే కారణం. దాని భుజం దగ్గరి జత్రువు ఇతర ఎముకలతో అతుక్కొని ఉండదు, కండరాల నడుమ ఉంటుంది. అందువల్ల తల పట్టిన సందులో శరీరాన్ని కూడా దూర్చగలదు. మూతిమీది మీసాలు ఆ సందు వెడల్పును ముందే తెలియజేస్తాయి. మనిషి 'ఇంత చిన్న సందులో ఎలా పడుతుంది' అని వదలివేసే చోటే దానికి కోట.

తెల్లవారుజామున నాలుగు గంటలకు అమ్మాయి మెల్లగా లేచింది. వంటింటి గడపమీద పిండిలో చిన్నచిన్న అడుగుల ముద్రలు! అవి పళ్ళెం దాకా వచ్చాయి, అక్కడ ఆగాయి, తిరిగి వెనక్కు మళ్ళాయి. పళ్ళెంలో ఆహారం తరగలేదు. కూన బ్రతికి ఉన్నదన్న సంతోషం, అది ఏమీ తినలేదన్న దిగులు ఆమెకు ఒక్కసారే కలిగాయి. అడుగులజాడ ముందుగదిలోని పుస్తకాల బీరువా దగ్గర ముగిసింది.

ఆ బీరువాను నిన్న తమ్ముడు రెండుసార్లు వెదికాడు. తలుపులు తీసి ముందువరుస పుస్తకాలు చూశాడు, అడుగున చీపురుపుల్ల ఆడించాడు. కానీ వెనుక చెక్క ఒకటి ఊడి గోడవైపు సందు ఉన్న సంగతి అతనికి తెలియదు. అమ్మాయి నేలమీద బోర్లా పడుకొని, టార్చిలైటును నేలకు ఆనించి, కూన చూపు ఎత్తులో వెలుతురు ప్రసరింపజేసింది. అడుగు అరలో పుస్తకాల వెనుక రెండు ఆకుపచ్చని చుక్కలు తళుక్కుమన్నాయి.

ఆమె చేయి చాపబోయింది. వెనుకనుంచి అమ్మమ్మ మెల్లగా ఆపింది. "లాగవద్దు తల్లీ. ఈసారి అదే రావాలి."

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలుగువారికి సుపరిచితం. ఆయన తన పిల్లికి తొలిసారి కాగే పాలు పోశాడట. మూతి కాలిన ఆ పిల్లి ఆ తరువాత పాలు చూస్తేనే పారిపోయేదట. కథ హాస్యానికి చెప్పినదే అయినా అందులో సత్యమున్నది. మొదటి అనుభవం మనస్సులో లోతుగా నాటుకొంటుంది. చేయి పట్టి ఈడ్చిన మనిషిని కూన ఈడ్చిన మనిషిగానే గుర్తుంచుకొంటుంది.

అమ్మాయి టార్చి ఆర్పి, ఆహారపు పళ్ళేన్ని బీరువాకు రెండడుగుల దూరంలోకి జరిపి, పక్కగా కూర్చొన్నది. కూన కళ్ళలోకి తదేకంగా చూడలేదు. తదేకమైన చూపు జంతువులకు బెదిరింపు. కనురెప్పలను నెమ్మదిగా మూసి తెరవడం పిల్లులకు స్నేహసూచనగా తోస్తుందనీ, అలా చేసిన మనిషి దగ్గరకు అవి రావడానికి ఎక్కువగా ఇష్టపడతాయనీ 2020లో ఇంగ్లండులో జరిగిన పరిశోధన తెలిపింది. తన గొంతు కూనకు అలవాటు కావాలని అమ్మాయి ఆ రోజు చదవవలసిన పాఠాన్ని తగ్గుస్వరంతో చదవసాగింది.

ఒక పాఠం ముగిసింది. రెండవది మొదలైంది. తూర్పు తెల్లబడుతుండగా పుస్తకాల చాటునుంచి ఒక చిన్న మూతి బయటికి వచ్చింది. గాలిని వాసన చూసింది. లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పొట్ట నేలకు ఆనించి పాకుతూ పళ్ళెం చేరింది. ఒక ముద్ద, మరొక ముద్ద తిన్నది. అమ్మాయి చదవడం ఆపలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేయి ఎత్తలేదు.

తిన్న తరువాత కూన మళ్ళీ బీరువాలోకే పోయింది. అమ్మాయి ముఖం వాడింది. "పోనీ. దారి తెలిసింది కదా" అన్నది అమ్మమ్మ. ఆ రోజంతా ఆ గదిలో ఎవరూ బిగ్గరగా మాట్లాడలేదు. సాయంకాలం కూన అట్టపెట్టెలోకి మారింది. మరునాడు గడపదాకా వచ్చింది. మూడవ రాత్రి అమ్మాయి చదువుకొంటుండగా నిశ్శబ్దంగా వచ్చి ఆమె పాదానికి ఒరుసుకొన్నది. తరువాత ఒడిలోకి ఎక్కి, పాతగుడ్డమీద ముడుచుకొన్నట్లే ముడుచుకొని నిద్రపోయింది.

తల్లి నోట కరచుకొని మోసినంతకాలం కూనకు తన ప్రయత్నంతో పనిలేదు. తల్లి లేని రోజున అది నాలుగు అడుగులు తానే వేయవలసి వచ్చింది. ఆ నాలుగు అడుగులకు తగినంత నిశ్శబ్దాన్ని, తగినంత సమయాన్ని ఇవ్వడమే ఇంటివారు చేసిన ఉపకారం. "ఇంతకీ ఇది మార్జాలకిశోరమా, మర్కటకిశోరమా అమ్మమ్మా?" అని అమ్మాయి అడిగితే, ఆమె నవ్వి, "రెండూను" అన్నది.

కఠిన పదాలు – అర్థాలు

మార్జాలం = పిల్లి
కిశోరం = జంతువుల పిల్ల, కూన
మర్కటం = కోతి
న్యాయం = ఇక్కడ, లోకానుభవం నుంచి గ్రహించిన దృష్టాంతం
శరణాగతి = రక్షించమని ఆశ్రయించడం
అల్లకల్లోలం = చిందరవందర, కలత
నిశితం = సూక్ష్మం, పదునైనది
అన్వేషణ = వెదకడం
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు
సంధ్యాచరం = ఉదయ సాయం సంధ్యలలో సంచరించేది
జత్రువు = మెడకూ భుజానికీ నడుమ ఉండే ఎముక
తూము = నీరు పోయే రంధ్రం
తదేకంగా = చూపు మరల్చకుండా

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కొత్తచోటికి వచ్చిన పిల్లికూన దాక్కోవడానికి గల కారణాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. అమ్మమ్మ సూచనతో వెదకులాట తీరు ఎలా మారిందో తెలపండి. అందులోని క్రమాన్ని సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయాల నడుమ గల భేదమేమిటి?
2. బియ్యప్పిండి చల్లడంవల్ల కలిగిన ప్రయోజనమేమిటి?
3. పిల్లి గీరినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
4. అమ్మాయి అడిగిన చివరి ప్రశ్నకు అమ్మమ్మ "రెండూను" అని ఎందుకు జవాబిచ్చింది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. కూన చివరకు ఎక్కడ కనిపించింది?
2. చీకటిలో పిల్లికళ్ళు మెరవడానికి కారణమేమిటి?
3. పిల్లికి మాంసాహారంనుంచి లభించే ముఖ్యపదార్థం ఏది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు

1. "ఎక్కడ ఉంటే చచ్చిపోతుందో ముందు చూద్దాం."
2. "మన నియమం మనది. దాని ఆకలి దానిది."
3. "లాగవద్దు తల్లీ. ఈసారి అదే రావాలి."

V. వ్యాకరణం

సంధులు

1. ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
2. సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
3. ఇల్లంతా = ఇల్లు + అంతా – ఉకార సంధి
4. శరణాగతి = శరణ + ఆగతి – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు

1. పిల్లికూన – పిల్లి యొక్క కూన – షష్ఠీ తత్పురుష సమాసం
2. కొత్తచోటు – కొత్తదైన చోటు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. అన్నపానాలు – అన్నమూ, పానమూ – ద్వంద్వ సమాసం
4. నాలుగు గదులు – నాలుగు సంఖ్యగల గదులు – ద్విగు సమాసం

VI. భాషాకార్యం

పిల్లికి సంబంధించి మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న సామెతలను, నుడికారాలను పెద్దల నుంచి సేకరించండి. ఒక్కొక్కటి ఏ సందర్భంలో వాడుతారో రెండు వాక్యాల్లో రాయండి.